నంబర్ ఇచ్చారా? ఇంటర్వ్యూ మొదలైపోయినట్టే! జాబ్‌కి ముందు ఆన్‌లైన్‌లో ఏం చెక్ చేసుకోవాలి?

రివ్యూ కోసం వాడుతున్న ఒక పాత ఫోన్ డిస్‌ప్లే పగిలింది. పోయిన శనివారం నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి, నడుచుకుంటూ అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్లాను. నాకు ఎప్పటి నుంచో తెలిసిన షాప్. ఓనర్ అన్నకి ఆ రోజు ఒక టెక్నీషియన్ కావాలి. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, పని చేసి చూపించి, ఫోన్ నంబర్లు ఇచ్చి వెళ్లారు. రెజ్యూమె సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్లు గల్లీ దాటకముందే అన్న రెండు నంబర్లూ సేవ్ చేసుకున్నాడు. అసలు ఇంటర్వ్యూ అక్కడ మొదలైంది.

ఒక్క నంబర్‌తో ఏమేం కనిపిస్తాయి?

వాట్సాప్ డీపీ అందరికీ కనిపించేలా పెట్టుకుంటే ముందు అది వస్తుంది. కాలర్ ఐడీ యాప్‌లో ఒక పేరు వస్తుంది. కాంటాక్ట్స్ సింక్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ కూడా సజెషన్స్‌లోకి రావచ్చు.

మొదటి కుర్రాడి ఇన్‌స్టా దొరికింది. మైక్రోస్కోప్ కింద ఐసీ మార్చే రీల్స్, మంచి పనితనం. కానీ ఒక రీల్‌లో రిపేర్‌కి వచ్చిన ఫోన్ గ్యాలరీ తెరిచి ఉంది. ఎవరో కుటుంబం ఫొటోలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అన్న తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి మంచిగుంది తమ్మీ. కానీ కస్టమర్ ఫోన్ మన చేతిల పెట్టిండంటే ఇంటి తాళం ఇచ్చినట్టే. వీడు ఆ తాళం అందరికీ చూపెడుతుండు."

నా లెక్క ప్రకారం అన్న చేసింది కరెక్టే. అతను చూసింది పనికి నేరుగా సంబంధం ఉన్న విషయం.

రెండో కుర్రాడి కేసు వేరు. కాలర్ ఐడీలో పేరుకు బదులు 'లోన్ ఫ్రాడ్' అని ఎర్రగా వచ్చింది. "గీయన వద్దు" అని అన్న ఫోన్ పక్కన పెట్టేశాడు.

ఆ ట్యాగ్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇలాంటి యాప్‌లలో పేర్లు, స్పామ్ ట్యాగ్‌లు ఎక్కువగా యూజర్లు ఇచ్చినవే. ఇక మన దేశంలో రద్దయిన మొబైల్ నంబర్‌ను కనీసం 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తారు. నంబర్ చేతులు మారినా పాత ట్యాగ్ దానికే అంటుకుని ఉండొచ్చు. ఇదే అన్నకి చెప్పి, ఆ కుర్రాడికి ఫోన్ చేయించాను. సిమ్ తీసుకుని ఎనిమిది నెలలే అయిందట. విషయం చెప్పగానే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఐదు షాపుల్ల నంబర్ ఇచ్చి వచ్చిన అన్నా. ఒక్కరు కూడా ఫోన్ చెయ్యలే."

ఐదు షాపులూ ఇందుకే వద్దనుకున్నాయో లేదో చెప్పలేం. కానీ కారణం తనకు ఎవరూ చెప్పరు కాబట్టి, తప్పును సరిదిద్దుకునే చాన్సే ఉండదు. ఇందులో అసలు ప్రమాదం అదే.

పెద్ద స్థాయిలోనూ ఇదే కథ

2021 జూన్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఓలీ రాబిన్సన్ లార్డ్స్‌లో టెస్ట్ డెబ్యూ చేసిన రోజే, టీనేజ్‌లో చేసిన అతని జాత్యహంకార ట్వీట్లు బయటికొచ్చాయి, తర్వాత సస్పెండ్ అయ్యాడు. మన వాళ్లకి ఇంకా దగ్గరి విషయం అమెరికా వీసా. 2025 జూన్‌లో స్టూడెంట్ వీసాలకు, డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4లకు కూడా సోషల్ మీడియా ప్రొఫైల్స్ పబ్లిక్‌లో ఉంచమన్నారు. అంటే దాచడం అన్నిచోట్లా కుదరదు.

చట్టం కాపాడుతుందా అంటే, 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం మనంతట మనం పబ్లిక్‌గా పెట్టిన సమాచారానికి వర్తించదు.

ఇప్పుడే చేయాల్సినవి

1. ఇన్‌కాగ్నిటో విండోలో మీ పేరు, నంబర్, పాత యూజర్‌నేమ్‌లు వెతకండి.

2. కొత్త సిమ్ తీసుకుంటే, ఫ్రెండ్ ఫోన్‌లోని కాలర్ ఐడీ యాప్‌లో మీ నంబర్ కొట్టి చూడండి. తప్పు పేరు ఉంటే యాప్‌లో సరిచేయమని రిక్వెస్ట్ పెట్టండి. ఆలోపు నంబర్ ఇచ్చేటప్పుడే విషయం నోటితో చెప్పేయండి.

3. ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి పరిమితం చేసే ఆప్షన్ ఉంది, వాడండి.

4. ఇన్‌స్టాలో ప్రొఫెషనల్ అకౌంట్ ఉంటే, 2025 జూలై 10 నుంచి పబ్లిక్ పోస్టులు గూగుల్ సెర్చ్‌లోకి రావచ్చు. వద్దనుకుంటే ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఆఫ్ చేయండి.

5. మీ పని చూపించే పోస్టులు ఉంచండి. వాటిలో వేరేవాళ్ల డేటా లేకుండా చూసుకోండి.

ఉద్యోగం ఇచ్చేవాళ్లకీ ఒక మాట. డీపీ చూస్తే మతం, ఇంటి పరిస్థితి కూడా తెలిసిపోవచ్చు. తెలిశాక వాటిని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. ముందు పని చూడండి, ప్రొఫైల్ తర్వాత. అనుమానం వస్తే ఒక్క ఫోన్ చేసి అడగండి.

తిరిగొస్తూ మెట్రోలో నా పేరు నేనే వెతుక్కున్నాను. 2014లో హీరోల ఫ్యాన్ వార్‌లో నేను పెట్టిన కామెంట్లు బయటపడ్డాయి. అమీర్‌పేట వచ్చేదాకా డిలీట్ చేస్తూనే ఉన్నాను.

ఆ రెండో కుర్రాడిని అన్న పదిహేను రోజుల ట్రయల్ మీద పెట్టుకున్నాడు. నా డిస్‌ప్లే మార్చింది అతనే. టచ్ బాగా పనిచేస్తోంది.