గాలిగోపురం నుంచి మోకాళ్ళ పర్వతం దాకా

పాకాల జంక్షన్ నుంచి తిరుపతి వైపు సాగే రైలు చంద్రగిరి దాటుతుండగా ఎడమ పక్కన గోడ కట్టినట్టు నిలిచే శేషాచలం అంచు, క్వార్ట్‌జైట్ అనే శిలతో ఏర్పడింది. ఇసుకరాయి భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ గట్టిపడితే ఈ శిల అవుతుంది. అది అంత తేలిగ్గా అరగదు కనుకనే కొండ అంచు నిటారుగా, పైభాగం కొంత చదునుగా మిగిలాయి.

ఈ కొండల మీది తిరుమలకు ఎక్కే అలిపిరి కాలిబాట స్వభావమంతా ఈ రాతి నుంచే వచ్చింది. సుమారు 9 కిలోమీటర్ల దారిలో 3,550 మెట్లున్నా అవి సమంగా పరచుకొని లేవు. వాటిలో సగానికి పైగా దారిలో వచ్చే గాలిగోపురం చేరేలోపే ఎక్కవలసి రాగా, ఆపైన దారి చాలా దూరం చదునుగా సాగి, అవ్వాచారి కోన అనే లోతైన లోయ అంచుకు చేరి, అక్కడి నుంచి మళ్ళీ నిలువుగా లేస్తుంది. అదే మోకాళ్ళ పర్వతం. ఎత్తైన మెట్ల మీద మోకాలిపై అరచెయ్యి ఆనించి, ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమలు అద్దుతూ వంగి లేచే భక్తులను చూస్తే ఆ పేరుకు వేరే వివరణ అక్కర్లేదు. అయినా రామానుజాచార్యులు ఈ కొండను పాదాలతో తొక్కలేక మోకాళ్ళపై ఎక్కారన్న ఐతిహ్యమే జనం నోట ఎక్కువగా వినిపిస్తుంది.

తిరుమలకు మరో కాలిబాట, శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు, 2,388 మెట్లతో దగ్గరి దారి. అలిపిరి దారిలో 2023లో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత, భక్తులను గుంపులుగా పంపుతూ చేతికర్రలు కూడా ఇచ్చారు.