విశ్వవిద్యాలయ కొనుగోళ్లలో పరస్పర విరుద్ధ ప్రయోజనాలు – నివారణ మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

విశ్వవిద్యాలయాలు ప్రతి ఆర్థిక సంవత్సరంలోనూ ప్రయోగశాల పరికరాలు, రసాయనాలు, కంప్యూటర్లు, గ్రంథాలు, పరీక్షల విభాగానికి జవాబు పత్రాలు, వసతి గృహాలకు బియ్యం, పప్పు దినుసులు మొదలైనవి ప్రజాధనంతో కొనుగోలు చేస్తుంటాయి. లంచాలు, దొంగ బిల్లులు వెలుగు చూసినపుడు ఈ కొనుగోళ్లు వార్తలకెక్కుతాయి. అయితే ఒక్క రూపాయి కూడా చేతులు మారకుండానే నిర్ణయం పక్కదారి పట్టే సందర్భం మరొకటి ఉన్నది. టెండర్లను పరిశీలించే అధికారికి, టెండరు వేసిన సంస్థకు మధ్య బంధుత్వమో, వ్యాపార భాగస్వామ్యమో, వాటాలో, గతంలో పుచ్చుకున్న కన్సల్టెన్సీ రుసుమో ఉన్నపుడు ఏర్పడే స్థితినే పరస్పర విరుద్ధ ప్రయోజనాలని వ్యవహరిస్తున్నారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉన్నది. అటువంటి స్థితిలో ఉండటమే నేరం కాదు. ఆచార్యుని తమ్ముడు శాస్త్ర పరికరాల వ్యాపారం చేయరాదని ఏ నిబంధనా చెప్పదు. ఆ సంబంధాన్ని దాచి ఉంచి, అదే ఫైలు మీద సంతకం చేయడమే తప్పు. ఈ తేడా తెలియకపోవడం వలన కొందరు అధికారులు వెల్లడి చేయడానికే జంకుతారు. వెల్లడి చేస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుందని వారి భయం. నిజానికి వెల్లడి పత్రం ఆ అధికారికి రక్షణ.

విశ్వవిద్యాలయాల పరిస్థితి ఇతర ప్రభుత్వ శాఖల కంటె భిన్నమైనది. కార్యాలయానికి బల్లలు, కుర్చీలు కొనేటపుడు వాటి నాణ్యతను ఎవరైనా నిర్ణయించగలరు. ఒక స్పెక్ట్రోమీటరు లేక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు విషయంలో అది సాధ్యం కాదు. ఆ పరికరం గురించి తెలిసినవారు విశ్వవిద్యాలయం మొత్తంలో ఇద్దరు ముగ్గురే ఉంటారు. ఇండెంటు పెట్టేదీ, స్పెసిఫికేషన్లు వ్రాసేదీ, సాంకేతిక మదింపు చేసేదీ, చివరకు సరుకు సక్రమంగా అందినదని ధ్రువీకరించేదీ వారే. వారి నైపుణ్యం లేనిదే కొనుగోలు జరగదు. వారి సంబంధాలు బయటపడనిదే కొనుగోలుపై నమ్మకం కలుగదు.

కాబట్టి అసలు జాగ్రత్త టెండర్లు తెరిచే రోజున కాక, స్పెసిఫికేషన్లు వ్రాసే రోజుననే మొదలు కావాలి. పరికరం చేయవలసిన పనిని పేర్కొనడానికి బదులు ఒక కంపెనీ కరపత్రంలోని కొలతలను యథాతథంగా దించితే, పైకి బహిరంగ టెండరుగా కనిపించినా పోటీ అప్పటికే ముగిసిపోయినట్లు. తరువాత ఎన్ని సీల్డు కవర్లు తెరిచినా, ఎంత చక్కని తులనాత్మక పట్టిక తయారు చేసినా ప్రయోజనం లేదు. ఏకైక తయారీదారు వస్తువు అని ధ్రువపత్రం జతచేసి ఒకే సంస్థ నుండి కొనుగోలు చేయడానికి 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమావళి 166వ నిబంధన అవకాశం కల్పించినది. పరిశోధన అవసరాలకు ఇది అనివార్యమైన వెసులుబాటే. అయితే ఆ ధ్రువపత్రంపై సంతకం చేసే ఆచార్యునికి ఆ సంస్థతో ఏ సంబంధమూ లేదన్న వాక్యం కూడా ఫైలులో ఉండటం సమంజసం.

కేంద్ర నిధులతో చేసే కొనుగోళ్లకు వర్తించే ఈ నియమావళిలోని 175వ నిబంధన ఉభయ పక్షాలకూ నిజాయితీ నియమాలను విధించినది. కొనుగోలు సంస్థ అధికారులకు, టెండరుదారులకు మధ్య నిర్ణయాన్ని ప్రభావితం చేయగల ఆర్థిక లావాదేవీలు ఉండరాదని, విరుద్ధ ప్రయోజనాలుంటే వెల్లడించాలని అది నిర్దేశిస్తున్నది. ఈ నియమాలను ఉల్లంఘించిన టెండరుదారును 2 సంవత్సరాలకు మించని కాలం పాటు దూరంగా ఉంచే అధికారాన్ని 151వ నిబంధన కొనుగోలు సంస్థకు ఇచ్చినది. టెండర్ల మదింపులో పాల్గొనే సాంకేతిక, ఆర్థిక అధికారులు, కమిటీలో సభ్యులు కాకపోయినా, తమకు ఏ టెండరుదారుతోనూ విరుద్ధ ప్రయోజనాలు లేవని తమ నివేదిక చివర ప్రకటించాలని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ వస్తు కొనుగోళ్ల మాన్యువల్ సూచిస్తున్నది. ఆచరణలో ఈ ప్రకటన ముద్రిత ఫారంలో ఒక గడిగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. టెండరు వేసినవారి పేర్లు తెలియకముందే తీసుకున్న సంతకానికి విలువ స్వల్పం. పేర్లు తెలిసిన తరువాత మరొకసారి తీసుకోవాలి.

2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర పరిశోధనకు అవసరమైన పరికరాలు, సామగ్రి విషయంలో నిబంధనలను సడలించినది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనుగోలు చేసే పరిమితిని 1 లక్ష నుండి 2 లక్షల రూపాయలకు, కొనుగోలు కమిటీ ద్వారా జరిపే పరిమితిని 10 లక్షల నుండి 25 లక్షల రూపాయలకు పెంచినది. ఒక రసాయనం కోసం నెలల తరబడి ఎదురుచూసి, ఫెలోషిప్ గడువు కరిగిపోతుంటే దిక్కుతోచని పరిశోధక విద్యార్థులకు ఇది ఊరట. అదే సమయంలో, పై స్థాయి పరిశీలన తగ్గిన మేరకు విభాగం స్థాయిలోని వెల్లడికి ప్రాముఖ్యం పెరిగినది.

చిన్న కొనుగోళ్లలో కనిపించే పాత పద్ధతి మరొకటి ఉన్నది. మూడు కొటేషన్లు ఉంటాయి. లెటర్‌హెడ్‌లు మూడు, చిరునామా ఒకటి. అంకెల తేడా తప్ప వాక్యాలన్నీ ఒకే తీరు, అక్షరదోషాలతో సహా. యాజమాన్యం ఒకటే అయిన సంస్థలు పోటీదారులుగా నటించడం కూడా విరుద్ధ ప్రయోజనాల కిందకే వస్తుంది. జీఎస్టీ నంబర్లు, భాగస్వాముల పేర్లు, ఫోను నంబర్లు సరిపోల్చుకోవడానికి సెక్షను సహాయకునికి పది నిమిషాలు చాలు.

గ్రంథాలయ కొనుగోళ్లు చిన్నవిగా కనిపించినా సున్నితమైనవి. గ్రంథాలయ కమిటీలోని ఆచార్యుడే గ్రంథకర్త కావచ్చు. ఆయన పుస్తకం ఆ విషయంలో ఉత్తమమైనదే కావచ్చు. అటువంటపుడు పుస్తకాన్ని నిరాకరించడం విద్యార్థులకు నష్టం. ఆ అంశం చర్చకు వచ్చినపుడు ఆయన సమావేశం నుండి వెలుపలికి వెళ్లి, ప్రతుల సంఖ్యను మిగిలిన సభ్యులు నిర్ణయించి, ఆ సంగతి మినిట్స్‌లో నమోదు చేస్తే సరిపోతుంది.

ఇటీవలి కాలంలో సమస్య కొత్త రూపు దాల్చినది. అధ్యాపకులు అంకుర సంస్థలను స్థాపించడాన్ని 2019 జాతీయ ఆవిష్కరణ, అంకుర సంస్థల విధానం ప్రోత్సహించినది. తన సంస్థ నుండి అధ్యాపకుడు కానుకలు స్వీకరించరాదని, విశ్వవిద్యాలయ పరిశోధక సిబ్బందిని ఆ సంస్థ పనులకు వినియోగించరాదని, రెండు చోట్ల జరిగే పరిశోధనను స్పష్టంగా వేరుచేయాలని కూడా అదే విధానం పేర్కొన్నది. ఇంతకూ ఆ సంస్థ తయారు చేసిన పరికరాన్ని అదే విశ్వవిద్యాలయం కొనవచ్చునా? కొనరాదని అనడం ఆవిష్కరణకు అడ్డుకట్ట వేయడమే. సొంత విభాగమే స్పెసిఫికేషన్లు వ్రాసి కొనడం మాత్రం సరి కాదు. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో స్పెసిఫికేషన్లు, మదింపు రెండింటినీ మరొక విశ్వవిద్యాలయ నిపుణులకు అప్పగించడమే మేలైన మార్గం. నిపుణులు ఇద్దరే ఉన్న చిన్న విభాగాలకూ ఇదే వర్తిస్తుంది. సంబంధం ఉన్న నిపుణుని సలహా తప్పనిసరి అయితే, ఆయన సాంకేతిక ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబులిచ్చి, సిఫారసులో పాలుపంచుకోకుండా ఉండవచ్చు. వెల్లడిని స్వీకరించిన రిజిస్ట్రారు లేదా ఉపకులపతి దానిపై ఏ నిర్ణయం తీసుకున్నారో నోట్ ఫైలులో వ్రాయాలి. చర్య లేని వెల్లడి కాగితం వృథా.

అవినీతి నిరోధక చట్టం, 1988 ఉపకులపతులను, పాలకమండలి సభ్యులను, ఆచార్యులను, విశ్వవిద్యాలయ ఉద్యోగులందరినీ పబ్లిక్ సర్వెంట్లుగా నిర్వచించినది. విశ్వవిద్యాలయం స్వయంప్రతిపత్తి గలది కనుక ఈ చట్టం తమకు వర్తించదన్న అపోహకు ఇందులో తావు లేదు.

పాత్రికేయులు సమాచార హక్కు చట్టం, 2005 కింద పూర్తయిన కొనుగోళ్ల ఫైళ్లను కోరవచ్చు. వాణిజ్య రహస్యాలకు 8(1)(డి) సెక్షను కింద మినహాయింపు ఉన్నప్పటికీ, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నదని అధికారి భావిస్తే వాటిని కూడా ఇవ్వవచ్చు. ఫైలు చేతికి వచ్చినపుడు ధరల పట్టిక కంటె ముందు స్పెసిఫికేషన్లు ఎవరు వ్రాశారు, కమిటీ సభ్యుల ప్రకటనలు ఏ తేదీన తీసుకున్నారు, ఎవరైనా తప్పుకున్నట్లు మినిట్స్‌లో ఉన్నదా అన్నవి చూడటం ఉపయుక్తం. సరఫరాదారుకు, ఆచార్యునికి ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వార్త కాదు. సంబంధం ఉండి, దానిని దాచి, నిర్ణయంలో పాల్గొన్నారని పత్రాలు చూపినపుడు మాత్రమే అది వార్త అవుతుంది. సంబంధాన్ని ముందుగానే వెల్లడించి తప్పుకున్న అధికారి పేరును ఆరోపణల వార్తలో చేర్చితే, రెండవసారి వెల్లడి చేయడానికి ఆ విశ్వవిద్యాలయంలో మరెవ్వరూ ముందుకు రారు.