కారుకు మొలిచిన చెవి

మా అమ్మ తెనాలి నుంచి సింగపూర్ వచ్చి అప్పటికి వారం. ఆదివారం పొద్దున్నే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి బయల్దేరాం. మా బ్లాకు పక్కనే ఉన్న కార్ పార్కులో నాలుగో అంతస్తుకి ఎక్కాం. కారు మా మిత్రుడిది. ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే ముడుచుకున్న పక్కద్దాలు విచ్చుకున్నాయి, తలుపు దగ్గర టక్కుమంది. "రాత్రి తాళం వెయ్యడం మర్చిపోయావా నాయనా?" అని అమ్మ కంగారుపడింది. "వేశానండీ పిన్నిగారూ" అంటూ అతను ప్యాంటు జేబు తట్టి చూపించాడు. జేబులో ఉన్నది ఫోను. అమ్మ నమ్మలేదు. నలభై ఏళ్లు బొడ్లో తాళాలగుత్తి దోపుకుని ఇల్లు నడిపిన మనిషి మరి. ఆవిడ లెక్కలో తాళంచెవి అంటే కాస్త బరువుండాలి, గలగలమనాలి, కనబడకపోతే ఇల్లంతా గాలించాలి.

ఈ వస్తువుకి మనవాళ్లు పెట్టిన పేరు గమ్మత్తైనది. తాళానికి చెవి అట. ఎందుకు చెవి అయిందో పండితులు తేల్చాలిగానీ, ఇన్నాళ్లకు ఆ పేరు అక్షరాలా నిజమైంది. ఇప్పుడు చెవి మన జేబులో లేదు, కారుకే మొలిచింది. పార్కు చేసి వెళ్లిపోయిన కారు రాత్రంతా ఉండుండి రేడియో తరంగాలతో ఓ కూత వేసి, తెలిసిన ఫోను ఏదైనా ఊ కొడుతుందేమోనని చెవి ఒగ్గి కూర్చుంటుంది.

మొదట్లో కారు స్టార్ట్ చేయడానికి తాళంచెవి చాలేది కాదు, కండబలం కావాలి. ముందుకు వెళ్లి ఇనపకడ్డీ దూర్చి ఇంజన్ని తిప్పాలి. ఇంజన్ ఎదురు తిరిగితే మణికట్టు విరిగేది. 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక ఆ బాధ తప్పింది. పెట్రోలు కార్లో విద్యుత్ మోటారు చేసిన మొదటి పెద్ద ఉద్యోగం అదే, ఇంజన్ని నిద్రలేపడం. ఆ నౌకరే ఇవాళ ఇంటి యజమాని అయ్యాడు. తాళంచెవి తిప్పితే చాలు ఇంజన్ అందుకునే పద్ధతిని 1949లో క్రైస్లర్ తెచ్చింది. దూరం నుంచే బొత్తాం నొక్కి తలుపులు తెరిచే వసతి 1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగోతో మొదలైంది.

అక్కడి నుంచీ దొంగకీ తాళానికీ మధ్య పందెం మారిపోయింది. రిమోట్ ప్రతిసారీ ఒకే సంకేతం పంపుతుంటే, చెట్టు చాటున నిలబడి దాన్ని రికార్డు చేసుకున్నవాడు రాత్రికి అదే వినిపించి కారు తీసుకుపోవచ్చు. అందుకని నొక్కినప్పుడల్లా సంకేతం మారే ఏర్పాటు చేశారు. సినిమా టికెట్ లాంటిదన్నమాట, ఒకసారి గేటు దగ్గర చింపాక మళ్లీ పనికిరాదు. దక్షిణాఫ్రికాలో 1980లలో పుట్టిన కీలాక్ అనే పద్ధతి ఇలాంటిదే. దాని గుట్టునూ 2008కల్లా పరిశోధకులు విప్పేశారు, అది వేరే కథ. 1990ల చివర్లో మెర్సిడెస్ ఇంకో మెట్టెక్కింది. రిమోట్ జేబులో ఉంటే చాలు, బొత్తాం నొక్కే పని కూడా లేదంది. కారే పలకరిస్తుంది, జేబులోంచి రిమోటే బదులిస్తుంది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. అది చెప్పేముందు ఈ ఊళ్లో కారు సంగతి కొంచెం చెప్పాలి.

సింగపూర్లో కారు కొనడం కంటే, కారు పెట్టుకునే హక్కు కొనడం కష్టం. సీఓఈ అని 1990 నుంచీ వేలం పాట ఉంది. గెలిచిన కాగితం పదేళ్లు చెల్లుతుంది, అంతే. 2023 అక్టోబరులో చిన్న కార్ల సీఓఈ 1,06,000 సింగపూర్ డాలర్లకు చేరింది. అప్పటి మారకంలో 60 లక్షల రూపాయల పైమాటే. ఇంకా కారు రాలేదు, ఇది కాగితం ఖరీదు మాత్రమే. కాబట్టి ఇక్కడ నాబోటివాళ్లు కారుని గంటల లెక్కన వాడుకుంటారు. గంటకోసారి చేతులు మారే కారుకి తాళంచెవి ఎవరి దగ్గర పెట్టాలి? ఇనప తాళంచెవికి వేరే కుర్రాణ్ణి పెట్టుకోవాలి, వాడికి జీతమివ్వాలి.

ఈ ప్రశ్నకు సింగపూర్ చాలా ముందే జవాబులు వెతికింది. 2002లో హోండా ఇక్కడ సివిక్ హైబ్రిడ్ కార్లతో అద్దె పథకం పెట్టింది. ఒకచోట తీసుకుని ఇంకోచోట వదిలేయవచ్చు. 2008లో మూతపడింది. అదే 2002లో బస్సులకూ రైళ్లకూ ఈజీ-లింక్ కార్డు వచ్చింది. జేబులోంచి తీసి ఠక్కున ఆనించడం ఈ ఊరివాళ్ల చేతికి అప్పుడే అలవాటైంది. 2017 డిసెంబరు 12న ఫ్రెంచి బొలోరే సంస్థ బ్లూఎస్‌జీ పేరుతో విద్యుత్ కార్లను వీధిలోకి దింపినప్పుడు ఆ అలవాటే అక్కరకొచ్చింది. ఫోనులో యాప్ తెరిచి దగ్గర్లో ఉన్న కారుని మన పేరు మీద ఆపుకోవడం, వెళ్లి కార్డు ఆనించి తలుపు తీయడం, ఛార్జింగ్ తీగ ఊడదీసి బయల్దేరడం. అంటే ఫోను ఇంకా రిజర్వేషన్ చీటీ మాత్రమే, తలుపు తీసేది కార్డే. 2021లో ఈ సంస్థ గోల్డ్‌బెల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025 ఆగస్టు 8న పాత రూపంలో సేవలు నిలిపేసింది. ఈలోగా సొంత కార్ల తీరూ మారింది. 2016లో ఇక్కడికొచ్చిన ఒక టెస్లాకి, కరెంటు తయారీలో వెలువడే పొగని కూడా లెక్కగట్టి, ఎక్కువ కాలుష్యం చేస్తోందని 15,000 డాలర్ల అదనపు రుసుము వేసిన ఊరే ఇది. 2025 మొదటి ఆర్నెల్లలో ఇదే ఊళ్లో అందరికన్నా ఎక్కువ కార్లు అమ్మింది చైనా విద్యుత్ కార్ల కంపెనీ బీవైడీ. 2030 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నీ శుభ్రమైన ఇంధనంతో నడిచేవే కావాలని ప్రభుత్వం గడువు పెట్టింది.

ఇక ఫోను. 2017లో వచ్చిన టెస్లా మోడల్ 3కి మామూలు రిమోట్ ఇవ్వలేదు. క్రెడిట్ కార్డంత కార్డు ఒకటి చేతికిచ్చి, అసలు తాళం మీ ఫోనే అన్నారు. ఫోనుని కారుకి పరిచయం చేసే తతంగం ఒకసారే ఉంటుంది. అప్పుడు ఫోను రెండు అంకెలు తయారుచేస్తుంది. అవి కవల పిల్లలు. ఒకటి రహస్యం, ఫోను గడప దాటదు. రెండోది కారుకి ఇచ్చేస్తుంది. తర్వాత ఎప్పుడు దగ్గరకెళ్లినా కారు అప్పటికప్పుడు తోచిన ఒక పెద్ద సంఖ్యని విసిరి "దీనికి జవాబు చెప్పు" అంటుంది. రహస్య అంకె ఉన్నవాడే సరైన జవాబు కట్టగలడు. ఆ జవాబు సరైనదో కాదో తన దగ్గరున్న రెండో అంకెతో కారు సరిచూసుకుంటుంది. రహస్యం గాల్లోకి రానేరాదు, కాబట్టి చాటుగా విన్నవాడికి మిగిలేది ఏమీ లేదు. ఎవరు అన్న ప్రశ్నకు గణితం ఇచ్చిన ఈ జవాబు గట్టిదే.

గట్టిగా లేనిది ఇంకో ప్రశ్న. ఎంత దూరంలో?

2011లో జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకడు కారు దగ్గర యాంటెన్నా పట్టుకుంటాడు. ఇంకొకడు యజమాని దగ్గర. కారు కూతని మొదటివాడు అందుకుని రెండోవాడికి పంపిస్తాడు, జేబులోని రిమోట్ చెప్పిన జవాబుని రెండోవాడు వెనక్కి పంపిస్తాడు. ఎవరూ ఏ రహస్యాన్నీ ఛేదించలేదు. కబురు మోశారు, అంతే. పదికి పది కార్లూ తలుపులు తీశాయి. అసలైన జవాబే వచ్చింది కదా, కారుకి అనుమానం ఎందుకొస్తుంది?

బ్లూటూత్‌తో పనిచేసే ఫోను తాళానికీ ఈ జబ్బే. సంకేతం గట్టిగా వినబడితే దగ్గరున్నట్టు, నీరసంగా వినబడితే దూరంగా ఉన్నట్టు కారు అంచనా వేస్తుంది. చీకట్లో గొంతుని బట్టి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో ఊహించడం లాంటిదిది. నా అనుభవం ఒకటి. మిత్రుడి కారు నాకు ఒకరోజు ఎంతకీ తలుపు తీయలేదు. ఫోను వెనక జేబులో ఉంది, నేను కారుకి ఎదురుగా నిలబడ్డాను. మన ఒళ్లు సగానికి పైగా నీళ్లు. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలని నీళ్లు ఇట్టే మింగేస్తాయి. అంటే కారుకీ ఫోనుకీ మధ్య నేనే అడ్డుగోడ. ఒక్కసారి గుండ్రంగా తిరిగాను, తలుపు టక్కుమంది. పార్కులో కార్లు కడుగుతున్న పెద్దాయన నన్ను చూసి, ఏదో మొక్కు అనుకున్నట్టున్నాడు.

గొంతుని బట్టి దూరం కొలిచేవాడిని మోసగించాలంటే గొంతు పెంచితే చాలు. 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు టెస్లా మోడల్ 3 మీద బ్లూటూత్ కబుర్లు మోసి చూపించారు. వాళ్ల పరికరం వల్ల జరిగిన ఆలస్యం సుమారు 8 మిల్లీసెకండ్లు. బ్లూటూత్ అంతమాత్రం జాప్యాన్ని పట్టించుకోదు. కానీ 8 మిల్లీసెకండ్లలో కాంతి 2,400 కిలోమీటర్లు పోతుంది. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఫోను కారు పక్కనే ఉందనుకోవడానికి ఇంతకంటే పెద్ద సందు అక్కర్లేదు.

అప్పుడు గొంతు వదిలేసి గడియారం పట్టుకున్నారు. అల్ట్రా వైడ్‌బ్యాండ్, పొట్టిగా యూడబ్ల్యూబీ. రెండు నానోసెకండ్లంత పొట్టి రేడియో తుంపరని కారు విసురుతుంది. ఫోను తిరిగి విసురుతుంది. పోయి రావడానికి పట్టిన కాలం నుంచి ఫోను మధ్యలో తీసుకున్న విరామం మినహాయిస్తే మిగిలినదాంట్లో సగం దూరం. కాంతి ఒక నానోసెకండులో 30 సెంటీమీటర్లు నడుస్తుంది, అంటే మన బడి స్కేలంత. ఈ లెక్కతో ఫోను ఎక్కడుందో 10 సెంటీమీటర్ల తేడాలో చెప్పవచ్చు, తలుపు బయట ఉందా సీటులో ఉందా అన్నంత వరకూ. కబురు మోసేవాడు ఆలస్యాన్ని పెంచగలడుగానీ తగ్గించలేడు. కాంతి కంటే ముందు పరుగెత్తే దొంగ ఇంకా పుట్టలేదు. ఐఫోన్ 11లో 2019లోనే ఈ చిప్పు పెట్టారు. 2021లో కార్ల కంపెనీలూ ఫోన్ల కంపెనీలూ కలిసిన కార్ కనెక్టివిటీ కన్సార్టియం తన మూడో డిజిటల్ తాళం ప్రమాణంలో దీన్ని చేర్చింది. బీఎండబ్ల్యూ ఐఎక్స్ ముందుగా అందుకున్నవాటిలో ఒకటి.

అయితే అన్ని కార్లకూ ఇంత హంగు లేదు. చాలావాటిలో ఫోనుని ఒకచోట ఆనించాలి. బీవైడీ అట్టో 3కి ఆ చోటు డ్రైవరు వైపు పక్కద్దం మీద ఉంటుంది. ఈజీ-లింక్‌లో ఉన్న 13.56 మెగాహెర్ట్‌జ్ విద్యే ఇదీ, నాలుగైదు సెంటీమీటర్లు దాటితే వినబడదు. నన్నడిగితే ఇందులోనే నిశ్చింత ఎక్కువ. చెయ్యి చాచి ఆనిస్తేనే తెరుచుకునే తలుపుకి దూరం కొలిచే తిప్పలు లేవు.

తలుపు తీశాం, కూర్చున్నాం. ఇప్పుడు స్టార్ట్ చెయ్యాలి. విద్యుత్ కార్లో నిజానికి స్టార్ట్ చేయడానికేం ఉంది? తిప్పాల్సిన ఇంజన్ లేదు. మనం దిగగానే సీటు కిందున్న సుమారు 400 వోల్టుల బ్యాటరీని మిగతా కారు నుంచి పెద్ద స్విచ్చులు విడదీసేస్తాయి. బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు, ఫోను లోపలే ఉందని కారుకి నమ్మకం కుదిరితే, మొదట సన్నటి ధారగా కరెంటు వదిలి మోటారుని నడిపే పెట్టెని నింపుతుంది. ఒక్కసారిగా వదిలితే స్విచ్చు మొనలు మిరుమిట్లు చిమ్మి కాలిపోతాయి. అది నిండాక పెద్ద స్విచ్చు మూసుకుంటుంది. కాళ్ల కింద సన్నగా టక్ అని వినబడేది అదే. కాబట్టి స్టార్ట్ అంటే ఇప్పుడు అనుమతి. అనుమతి మాటతో ఇవ్వొచ్చు కనుకే ఫోనుతో ఇవ్వగలుగుతున్నాం. తమాషా ఏంటంటే కారు చెవి పనిచేసేది ఆ పెద్ద బ్యాటరీతో కాదు, పక్కనుండే చిన్న 12 వోల్టుల దానితో. అది చచ్చిపోతే కింద వందల కిలోల బ్యాటరీ నిండుగా ఉన్నా కారు చెవిటిది.

ఇంకో రకం చెవుడు కూడా ఉంది. కొన్ని యాప్‌లలో బొత్తాం నొక్కితే మాట నేరుగా కారుకి పోదు. ముందు కంపెనీ సర్వరుకి పోయి, అక్కణ్ణుంచి కారుకి వస్తుంది. 2021 నవంబరు 19న టెస్లా సర్వర్లు మొరాయించినప్పుడు సియోల్‌లో ఒకాయన తన కారుని యాప్‌లో చూడలేక ట్వీటు పెట్టాడు, ఎలాన్ మస్కే జవాబిచ్చాడు. బ్లూటూత్ తాళానికి ఆ అవస్థ లేదు, అది పక్కపక్కనే మాట్లాడుకుంటుంది. ఒక షాపింగ్ మాల్ మూడో బేస్‌మెంటులో అద్దె కారుతో నాకూ ఇలాంటిదే జరిగింది. కంపెనీ పేరు అనవసరం. సిగ్నల్ లేక ప్రయాణం ముగించలేక, నిమిషాల మీద మీటరు తిరుగుతుంటే, ఫోను పైకెత్తి పట్టుకుని ర్యాంపు మీద రెండంతస్తులు నడిచాను.

మొన్న ఫిబ్రవరిలో మా మిత్రుడు మేనకోడలి పెళ్లికి గుంటూరు వెళ్లాడు. అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, బండి పదిహేను రోజులు కదలకుండా ఉంటుంది, పిన్నిగారిని నాలుగు చోట్లకి తిప్పరాదా." ఒక లింకు వచ్చింది. నొక్కి, కిందకెళ్లి కారు పక్కన నిలబడి ఒప్పుకుంటే అయిపోయింది. గుంటూరు నుంచి నా జేబులోకి తాళం రావడానికి రెండు నిమిషాలు. నా పేరు ఇన్సూరెన్సులో చేర్చడానికి రెండు రోజులు. ఆ రెండు వారాల్లో అమ్మ ఒక కొత్త అలవాటు చేసుకుంది. కారు దగ్గరకు రాగానే ఆగి, "ఊఁ, విన్నదా?" అని అడిగేది.

అతను తిరిగొచ్చిన సాయంత్రం పూతరేకుల డబ్బా తెచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇస్తూ, "ముందు వాడి తాళం వాడికిచ్చెయ్యరా" అంది. నా చెయ్యి అలవాటు చొప్పున జేబులోకి వెళ్లింది. ఫోను తీసి చూస్తే, విమానం దిగగానే అతను నా పేరు తీసేసినట్టున్నాడు, జాబితాలో కారు లేదు.