మొదటి అచ్చు, తెరచాప గుడ్డ

పాత పుస్తకం గతి మన ఇళ్ళల్లో ఏమవుతుందో అందరికీ తెలిసిందే. పండగకి ఇల్లు దులిపేటప్పుడు అటక మీంచి దింపుతాం. రద్దీవాలా కేక వినబడగానే తక్కెట్లో పెడతాం. కిలోకి ఇంత అని చేతిలో పెడితే తీసుకుంటాం. అలాంటిది అమెరికాలో, ఇంగ్లండులో కొందరు ఒక్క పాత పుస్తకానికి లక్షల రూపాయలు పోసి కొంటారు. అందులోనూ తెరచాప ఓడల మీద తిరిగినవాళ్ళు రాసిన పుస్తకాలంటే కొందరికి ప్రాణం. అదే పుస్తకం కొత్తది తక్కువ ధరకే దొరుకుతుంది కదా, పాతదాని వెంట ఎందుకు పడటం? డబ్బున్నవాళ్ళ పిచ్చి అని కొట్టిపారెయ్యకండి. కథ పూర్తిగా వింటే మన సంగతి కూడా అందులో కనబడుతుంది.

రిచర్డ్ హెన్రీ డానా అని బోస్టను దగ్గర చదువుకునే కుర్రాడు ఉండేవాడు. తట్టు వచ్చి కళ్ళు దెబ్బతిన్నాయి, చదువు ఆగింది. 1834లో పిల్‌గ్రిమ్ అనే ఓడలో మామూలు నావికుడిగా చేరిపోయాడు. ఆ ఓడ కాలిఫోర్నియా పోయి ఎద్దుతోళ్ళు ఎత్తుకొచ్చేది. ఎండబెట్టిన తోళ్ళు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో నడిచి పడవలకి ఎక్కించడం వాళ్ళ పని. ఒకరోజు కెప్టెను ఇద్దరు నావికుల్ని కట్టేసి కొరడాతో కొట్టడం డానా కళ్ళారా చూశాడు. ఆ మనుషుల బాధ లోకానికి చెప్పాలని అప్పుడే అనుకున్నాడు. తిరిగొచ్చాక రాసిన పుస్తకం ‘టూ ఇయర్స్ బిఫోర్ ద మాస్ట్’. 1840లో న్యూయార్కులో హార్పర్ కంపెనీ వేసింది. హక్కులన్నీ కలిపి అతనికి ముట్టింది 250 డాలర్లు. పుస్తకం ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది గానీ ఆ లాభంలో అతనికి వాటా లేదు.

1868లో హక్కులు తిరిగి చేతికొచ్చాక, మరుసటి ఏడు డానా కొత్త అచ్చు వేయించాడు. అందులో పాత చివరి అధ్యాయం తీసేసి, ఇరవై నాలుగేళ్ళ తరవాత కాలిఫోర్నియాని మళ్ళీ చూసిన ముచ్చట పెట్టాడు. తీసేసిన అధ్యాయంలో ఉన్నదేమిటి? ఓడ మీద కెప్టెనుకి ఉండే అధికారం, కొట్టే శిక్ష, నావికుల బతుకు బాగుపడే దారి. తరవాత కొన్ని అచ్చుల్లో దాన్ని మళ్ళీ చేర్చారు. కానీ ఆ మాట మొదట ఎలా బయటికొచ్చిందో అలాగే చూడాలంటే 1840 పుస్తకమే తియ్యాలి. ఏరినవాళ్ళు వెతికేది అదే.

సరే, 1840 అని ఉంటే చాలా? చాలదు. అదే ఏడు ఎన్నోసార్లు అచ్చు తీశారు. మొట్టమొదటిది గుర్తుపట్టడానికి ఒక చిన్న గుర్తు ఉంది. హక్కుల పేజీలో మొదటి వరసలో ‘ఇన్’ అనే ఇంగ్లీషు మాట వస్తుంది. అందులోని ‘ఐ’ అక్షరం మీద చుక్క ఉంటే ముందు తీసినది, లేకపోతే తరవాతిది. అచ్చు తీసేకొద్దీ ఆ చుక్క ఊడిపోయిందన్నమాట. సాంచా నడిపినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? రీడులో ఒక పల్లు వంగితే అక్కణ్ణుంచి దిగే బట్టంతా గీత పడుతుంది. గీత చూసి ఏ తాను ముందు నేశారో, ఏది తరవాతో చెప్పెయ్యొచ్చు.

తిమింగలాల వేట మీద హెర్మన్ మెల్విల్ రాసిన ‘మోబీ డిక్’ సంగతి ఇంకో రకం. మెల్విల్ కూడా వేట ఓడలో కూలీగా వెళ్ళినవాడే. 1851 అక్టోబరులో లండనులో ఆ పుస్తకం మూడు సంపుటాలుగా, ‘ద వేల్’ అనే పేరుతో వచ్చింది. 500 ప్రతులే వేశారు. అందులో ఆఖరి చిన్న భాగం జారిపోయింది. ఓడ మునిగాక కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో చెప్పేది ఆ భాగమే! అందరూ చచ్చిపోతే కథ ఎవరు చెప్పినట్టు అని అక్కడి విమర్శకులు వెక్కిరించారు. నవంబరులో అమెరికా అచ్చు సరిగ్గా వచ్చింది గానీ అమ్ముడుపోలేదు. 1853లో హార్పర్ కంపెనీలో అగ్గి అంటుకుని, మిగిలిన ప్రతులు చాలా కాలిపోయాయి. మెల్విల్ 19 ఏళ్ళు న్యూయార్కు కస్టమ్స్‌లో ఉద్యోగం చేసి బతికాడు. ఆయన పోయాక చాలా ఏళ్ళకి లోకం కళ్ళు తెరిచింది. ఆనాడు ఎవరికీ అక్కర్లేని ప్రతి ఇవాళ అద్దాల బీరువాలో ఉంది.

ఈ పుస్తకాల అట్టలు కూడా మన పనికి దగ్గరవే. అంతకుముందు ఎక్కువగా తోలు అట్టలుండేవి. 1820ల తరవాత గంజి పెట్టి బిగించి, రంగు వేసిన నూలు గుడ్డ వచ్చింది. ఏరినవాళ్ళు ముందు ఆ గుడ్డనే తడిమి చూస్తారు. రంగు వెలిసిందా, వీపు చిరిగిందా, తరవాత ఎవరైనా కొత్త గుడ్డ అంటించారా అని. పాత అట్ట ఎంత నలిగినా సరే, అసలుదే కావాలి. కొత్త బైండింగు చేయిస్తే విలువ పడిపోతుంది.

ఇక జాషువా స్లోకమ్. పదేళ్ళకే బడి మాని తండ్రి బూట్ల కొట్లో పనికి కూర్చున్నాడు. తరవాత సముద్రానికి పారిపోయి, ఒక్కో మెట్టూ ఎక్కి కెప్టెను అయ్యాడు. ఇంతలో ఆవిరి ఓడలు వచ్చాయి, తెరచాప ఓడలు మూలపడ్డాయి. నడివయసులో, చేతినిండా పనితనం ఉండగా, పనిలేకుండా పోయాడు. మిల్లు గేటుకి తాళం పడ్డ రోజు చూసినవాళ్ళకి ఆ మనిషి మనసు తెలుస్తుంది. అప్పుడొక స్నేహితుడు ఓడ ఇస్తానన్నాడు. వెళ్ళి చూస్తే పొలంలో పడున్న పాత పడవ! దాన్ని 13 నెలలు చేతులతో బాగుచేసుకున్నాడు. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పొడవు 37 అడుగులు కూడా లేదు. పేరు స్ప్రే. ఈత కూడా రాని మనిషి 1895లో బోస్టను నుంచి ఒక్కడే బయలుదేరి, 46,000 మైళ్ళు తిరిగి 1898లో ఒడ్డు చేరాడు. భూమిని ఒంటరిగా పడవలో చుట్టివచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ పుస్తకం ‘సెయిలింగ్ అలోన్ అరౌండ్ ద వరల్డ్’ 1900లో సెంచురీ కంపెనీ వేసింది.

దానికన్నా అరుదైనది ఇంకోటుంది. 1901లో బఫలో ఊళ్ళో పెద్ద ఎగ్జిబిషను జరిగితే స్లోకమ్ తన పడవని అక్కడికి తీసుకెళ్ళి జనానికి చూపించాడు, ఒక చిన్న పుస్తకం అమ్మాడు. ఆ పుస్తకంలో స్ప్రే తెరచాప గుడ్డ ముక్క పెట్టి ఇచ్చాడు. దక్షిణ అమెరికా కొసన తుపానులో చిరిగిపోయిన తెరచాప అది. ఆ పీలిక కోసం ఇవాళ పెద్ద పెద్దవాళ్ళు వెతుకుతున్నారు.

అక్కలూ, అన్నలూ, ఇది మనం కొనుక్కునే సరుకు కాదు, నిజమే. కానీ డానా గానీ, స్లోకమ్ గానీ పని చేసిన చేతులతోనే రాశారు. అలాంటి చేతుల రాత మన ఇళ్ళల్లో లేదా? తాత పగారు చీటీలు, సమ్మె నాటి కరపత్రాలు, నాయనమ్మ పాటలు రాసుకున్న నోటుబుక్కు, మిల్లు హాజరు కార్డు. వాటికి రెండో అచ్చు లేదు. ఉన్నదే మొదటిది, ఉన్నదే చివరిది.

ఈసారి రద్దీవాలా పిలిస్తే ఒక్క నిమిషం ఆగండి. మూట విప్పి చూడండి. చేత్తో రాసినదీ, మిల్లు పేరున్నదీ పక్కన పెట్టండి. టేపు అంటించొద్దు, చెమ్మ తగలనివ్వొద్దు, నాలుగు వేపాకులు వేసి పాత నూలు గుడ్డలో చుట్టండి. ఎవరిదో, ఏ ఏటిదో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. పిల్లలకి చూపించండి. మిగతాది కిలో లెక్కన ఇచ్చెయ్యండి, పరవాలేదు.