నీటి సేద్యమున విఱుగుడు

పట్టణవాసమున పెరడు కఱవైన కాలమిది. బర్కత్‌పురలోని మా మిద్దె మట్టితొట్ల బరువున కోర్వదని తలచి, మేము నీటి సేద్యమునకు పూనుకొంటిమి. దీనినే హైడ్రోపోనిక్సు అందురు. ఆ పేరును 1937లో అమెరికా దేశస్థుడైన గెరిక్ పండితుడు ప్రచారమునకు దెచ్చెను. మన దేశమున 1946లో కాలింపాంగునందు షోల్టో డగ్లసు దీనిపై ప్రయోగములు సాగించెను.

ఇందు వేరులకు మట్టి యుండదు. మట్టినుండి రావలసిన లవణములన్నియు నీటియందే కరగి యుండవలెను. ఇచ్చటనే మేము తొలుత భంగపడితిమి. కొన్న లవణములన్నిటిని ఒకే సీసాలో పోసి, కొలదిపాటి నీటితో గాఢముగ కలిపి యుంచితిమి. తెల్లవారునప్పటికి అడుగున సున్నపు మడ్డివంటిది పేరుకొన్నది. పైతేటను మొక్కలకు పోయగా, పాలకూర లేతాకులు వెలవెలబోయెను, కొత్తిమీర గిడసబాఱెను. సరకు మంచిది కాదని యంగడివానిని నిందించితిమి. తప్పు మాదేయని పిదప తెలిసినది.

కారణ మిది. కాల్షియము నైట్రేటులోని కాల్షియము, మెగ్నీషియము సల్ఫేటులోని సల్ఫేటుతో గూడి జిప్సమగును. ఫాస్ఫేటుతో గూడి కాల్షియము ఫాస్ఫేటగును. ఇవి నీట సులువుగ కరగవు. ఇట్లు విఱిగి యడుగుకు దిగినదానినే అవక్షేపమందురు. మొక్క తినవలసిన కాల్షియము, గంధకము, భాస్వరము ఆ మడ్డియందే చిక్కుకొనును. వేడిచేసినను జిప్సము మఱల కరగదు.

అయిన నివి యెన్నడును కలిసి యుండజాలవా? ఉండగలవు. ఇఱుకు వంటయింట కలహించు తోడికోడండ్రు విశాలమైన మండువాలో అన్యోన్యముగ నుండుట మన మెఱుగమా? ఒక లీటరు నీట సుమారు 2 గ్రాముల జిప్సము కరగును. మొక్కలకు పోయు పలుచని నీటిలో అది యేర్పడినను, లీటరునకు సుమారు మూడవవంతు గ్రామే యగును. కనుక అంతయు కరగియే యుండును. అదే నూఱింతల గాఢతలో సుమారు 34 గ్రాములగును. ఇక విఱుగక యేమి చేయును?

కావున రెండు సీసాలు వలయును. హోగ్లండు, ఆర్నను పండితులు 1938లో ప్రకటించిన పాళ్లను బట్టి, నూఱు లీటర్ల పోషకజలమునకు లెక్క యిది:

మొదటి సీసా: లీటరు నీటిలో కాల్షియము నైట్రేటు 118 గ్రాములు (ఎరువుల యంగళ్లలో దొరకు రకమైనచో 105 చాలును). కీలేటు రూపముననున్న యినుమును ఇందే చేర్పవలెను.

రెండవ సీసా: లీటరు నీటిలో పొటాసియము నైట్రేటు 51, మోనోపొటాసియము ఫాస్ఫేటు 14, మెగ్నీషియము సల్ఫేటు 49 గ్రాములు. తక్కిన సూక్ష్మపోషకములు నిందే.

తొట్టిని ముందుగ నీటితో నింపి, లీటరునకు 10 మిల్లీలీటర్ల చొప్పున రెండవ సీసాలోనిది పోసి బాగుగ కలియబెట్టి, పిమ్మట మొదటిదానిని అంతే పోయవలెను. ఆకుకూరలకు తొలిదినములలో అందు సగము చాలును. ఒకదాని చెంచా వేఱొకదానిలో ముంచరాదు. రాగి, ఇత్తడి పాత్రలు తగవు.

నమ్మకము లేనివారు చిన్న పరీక్ష చేయవచ్చును. ఒక గాజుగ్లాసులో రెండు సీసాలనుండి చెంచాడేసి కలుపుడు, తెల్లబాఱును. అర లీటరు నీటిలో అవే చెంచాలను ఒకదాని వెనుక నొకటి కలుపుడు. నీరు తేటగనే యుండును.

నీటి గుణమును గమనింపవలయును. బోరునీరు కఠినమైనచో అందలి బైకార్బనేట్లచే క్షారత హెచ్చి, ఫాస్ఫేటు విఱుగును, ఇనుము చెడును. పి.హెచ్. 5.5 మొదలు 6.5 వఱకు నుండుట మేలు. మిద్దెపై పట్టిన వాననీరు దీనికి మిక్కిలి యనుకూలము.

ఇక నొక్క హెచ్చరిక. ఈ లవణములు చూపునకు వంటయుప్పువలె నుండును. సీసాలపై పేళ్లు వ్రాసి, వంటయింటికి దూరముగ, పిల్లల కందనిచోట నుంచవలెను. నైట్రేటులను నిప్పుచెంతకు చేర్పరాదు.

విఱిగిన నీటిని మేము పలుచనచేసి తులసికోటకు దూరముగనున్న పూలకుండీలకు పోసితిమి. నేడు మా పాలకూరకై నారాయణగూడ బజారునకు పోవలసిన పని తగ్గినది. ఏ వస్తువునకు ఆ వస్తువు మంచిదే. కూర్చు క్రమమెఱుగుటయే గృహిణి నేర్పు.