వేసవి ప్రయాణానికి వదులు లాగు – ఇంట్లోనే కుట్టుకుందాం

మే నెల వచ్చిందంటే పెళ్ళిళ్ళు, సభలు, మెదక్ చర్చి ప్రయాణాలు. ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లోనే బోధన్, వర్ని, బాన్సువాడ నుండి బస్సుల్లో ఇరుక్కొని కూర్చోవలసి వస్తుంది. ఆ తరువాత తొడల సందున తామర, చెమటకాయలు, ఒరుపిడి పుండ్లతో చాలామంది మా ఓ.పి.కి వస్తుంటారు. బిగుతు జీన్సు, పాలిస్టర్ ప్యాంటు మాని వదులైన నూలు లాగు వేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బట్టకూ చర్మానికీ సంబంధం ఏమిటి?

చెమట ఆవిరైనప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. బిగుతు బట్టలో గాలి ఆడక చెమట అక్కడే నిలిచిపోతుంది. స్వేద రంధ్రాలు మూసుకుపోతే చెమటకాయలు లేస్తాయి. తడిగా, వెచ్చగా ఉన్న చోట తామర కలిగించే ఫంగస్ పెరుగుతుంది. షుగర్ వ్యాధి ఉన్నవారికి ఇది ఇంకా త్వరగా పాకుతుంది.

కావలసినవి

36 అంగుళాల పన్నా గల నూలు బట్ట (పాప్లిన్, లాంగ్ క్లాత్ లేదా ఖాదీ) 2½ మీటర్లు. పిరుదుల చుట్టుకొలత 48 అంగుళాలు దాటితే 44 అంగుళాల పన్నా తీసుకోండి. నూలు బట్ట కుంచించుకుపోతుంది కనుక ముందే నీళ్ళలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేయాలి.

కత్తిరించడం

1. పిరుదుల చుట్టుకొలతలో సగానికి 11 అంగుళాలు కలపండి. ఇది ఒక్కో కాలు ముక్క వెడల్పు. చుట్టుకొలత 40 అయితే 20+11=31 అంగుళాలు.

2. నడుము నుండి చీలమండ వరకు కొలిచి 4 అంగుళాలు కలిపితే పొడవు వస్తుంది. ఇలాంటి ముక్కలు రెండు కావాలి.

3. ఒక్కో ముక్కను నిలువుగా సగానికి మడవండి. పైన, తెరిచి ఉన్న అంచు నుండి 2½ అంగుళాలు లోపలికి గుర్తు పెట్టండి. అదే అంచున పై నుండి 15 అంగుళాల కింద ఇంకో గుర్తు పెట్టండి. మొదటి గుర్తు నుండి తిన్నగా దిగి, చివర వంపు తిప్పి రెండో గుర్తుకు కలుపుతూ కత్తిరించాలి. పొడగరులు, లావుగా ఉన్నవారు ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ దింపుకోవచ్చు.

కుట్టడం

ముందు ఒక్కో కాలు లోపలి అంచులు అర అంగుళం వదిలి కుట్టండి. ఒక కాలును తిరగేసి రెండోదాని లోపల దూర్చి, వంపును రెండు వరుసలు కుట్టాలి. బస్సు ఎక్కి దిగేటప్పుడు చినిగేది ఇక్కడే. లోపలి అంచులు మడిచి కుడితే చర్మానికి గీసుకోవు. నడుము దగ్గర 2 అంగుళాలు మడిచి నాడా పోయే దారి చేయండి; ముందువైపు చిన్న సందు వదలండి. సన్నని తాడు వద్దు, అంగుళం వెడల్పు పట్టీ వాడండి. చివరగా కింది అంచు మడిచి కుట్టండి.

ఈ జాగ్రత్తలు మరువకండి

• నాడా బిగించి కట్టకూడదు. చీర లోపలి లంగా నాడా కూడా అంతే. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒరిస్తే చర్మం నల్లబడి పుండు పడవచ్చు. మానని పుండును తప్పక డాక్టరుకు చూపించాలి.

• మోటారు సైకిలు మీద, చెరకు ట్రాక్టరు దగ్గర, యంత్రాల దగ్గర వదులు అంచు చక్రంలో చిక్కుకోవచ్చు. పైకి మడిచి కట్టుకోండి.

• తామరకు స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు అడగకుండానే కొని రాయవద్దు. దురద నాలుగు రోజులు తగ్గినట్లుండి, మచ్చ మరింత పాకుతుంది, మొండిగా మారుతుంది. ఒకరి లాగు, తువ్వాలు మరొకరు వాడకూడదు.

• వదులు లాగు ఒక్కటే వడదెబ్బను ఆపదు. నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. వెంట ఉంచుకోండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే నీడకు చేర్చి, తడిబట్టతో తుడుస్తూ, విసురుతూ, వెంటనే 108కి ఫోను చేయండి.

ఇంట్లో మిషను ఉంటే ఒక మధ్యాహ్నం పని. మొదటిది ఇంట్లో పెద్దవారికి కుట్టి ఇవ్వండి. ఎండ దెబ్బ ముందు తగిలేది వారికే.