రన్‌వే కన్నా చిన్న విమానయానం
2.7 కిలోమీటర్లు.. నిమిషంన్నర ప్రయాణం

శంషాబాద్ విమానాశ్రయంలోని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అంతకన్నా తక్కువ దూరాన్ని టికెట్ కొని విమానంలో ప్రయాణించే వారున్నారంటే విడ్డూరమే! స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో ఇది నిత్యకృత్యం. వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు చిన్న దీవుల నడుమ విమాన దూరం 2.7 కిలోమీటర్లు మాత్రమే. ప్రపంచంలో నిర్ణీత వేళల ప్రకారం నడిచే విమాన సర్వీసుల్లో అతి చిన్నది ఇదే. లోగన్‌ఎయిర్ సంస్థ 1967లో దీనిని ప్రారంభించింది.

టైంటేబుల్‌లో ఈ ప్రయాణానికి కేటాయించిన సమయం రెండు నిమిషాలు. సాధారణంగా నిమిషంన్నరలో పూర్తవుతుంది. స్టూవర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో ముగించి రికార్డు నెలకొల్పారు.

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందన్నది బడిలో నేర్చిన లెక్క. విమానాల విషయంలో అది అక్షరాలా వర్తించదు. ఇక్కడ తిరిగే ఐలాండర్ విమానం గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన 39 సెకన్లు చాలు. కానీ పైకి లేచి వేగం అందుకునేలోగానే దిగేందుకు వేగం తగ్గించుకోవలసి వస్తుంది. నిమిషంన్నర ప్రయాణంలో సగటు వేగం గంటకు 108 కిలోమీటర్లే.

అసలు నిర్ణేత గాలి. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. వెస్ట్రేకు తూర్పున ఉన్నది పాపా వెస్ట్రే. పడమటి గాలి బలంగా వీస్తే విమానం గమ్యానికి వీపు పెట్టి పైకి లేచి, వెనక్కు తిరిగి, దీవిని దాటి వెళ్లి, మళ్లీ మలుపు తీసుకుని దిగవలసిందే. దూరం మారదు, సమయం మాత్రం పెరుగుతుంది.

పెద్ద విమానాలకూ ఇదే సూత్రం. హైదరాబాద్-విశాఖపట్నం మధ్య ఆకాశమార్గం సుమారు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో 38 నిమిషాల్లో చేరాలి. టైంటేబుల్‌లో గంటకు పైగానే చూపుతారు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, గమ్యంలో ఆగేవరకు పట్టే కాలాన్ని లెక్కలోకి తీసుకోవడమే కారణం.

ఇంత చిన్న దూరానికి విమానమెందుకన్న సందేహం సహజం. నిజానికి ఈ విమానం ఆర్క్‌నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్ నుంచి 40 కిలోమీటర్లకు పైగా వచ్చి దీవులను చుట్టిపోతుంది. మన పల్లెవెలుగు బస్సు ఊరూరా ఆగినట్లే! వెస్ట్రేలో సుమారు 600 మంది, పాపా వెస్ట్రేలో వంద మందికి లోపే నివసిస్తున్నారు. పెద్దాసుపత్రి కిర్క్‌వాల్‌లోనే ఉంది. రెండు దీవుల మధ్య పడవకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. చలికాలపు తుపానుల్లో సముద్రం అల్లకల్లోలమైతే పడవ కదలదు. రోగులకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు ఎనిమిది మంది ప్రయాణికులు పట్టే ఈ చిన్న విమానమే ఆధారం. దట్టమైన పొగమంచు కమ్మితే అదీ ఎగరదు.

జనం ఇంత తక్కువగా ఉన్నచోట టికెట్ల సొమ్ముతో సర్వీసు గిట్టుబాటు కాదు. అందుకే లోటును స్థానిక మండలి భరిస్తోంది. అర కిలోమీటరు పొడవైన కంకర రన్‌వే సరిపోవడం వల్ల పెద్ద విమానాశ్రయం కట్టే ఖర్చు తప్పింది.